దమయంతికి నొప్పులొచ్చిన రాత్రి

సురభి కమలాబాయి గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా మా అమ్మ అడిగిన ఒక ప్రశ్న అడ్డొస్తుంది. అందుకే ఈ వ్యాసాన్ని కమలాబాయి పుట్టిన 1907తో కాకుండా ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

అప్పట్లో నేను జగిత్యాలలో ఒక కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. ఆ రోజు తెలుగు నాటకరంగం పాఠం. మధ్యాహ్నం క్లాసు, సగం మంది పిల్లలు కునికిపాట్లు పడుతున్నారు. వాళ్లను లేపడానికి కమలాబాయి పుట్టుక కథ చెప్పాను. నాటకరంగం గురించి చదివినవాళ్లకు తెలిసిన కథే అది. సురభి వాళ్ల నాటకంలో వెంకూబాయి దమయంతి వేషం కట్టింది. నిండు చూలాలు. ఆట నడుస్తుండగా నొప్పులొచ్చాయి. చూసేవాళ్లు అదీ నాటకంలో భాగమే అనుకున్నారు. వేదిక మీదే ఆడపిల్ల పుట్టింది. సంగతి తెలిశాక జనం ఆ పసిగుడ్డు మీద డబ్బుల వర్షం కురిపించారు. ఆ బిడ్డే తర్వాత తొలి తెలుగు టాకీలో కథానాయిక అయింది. పుట్టుకతోనే నటి అన్నమాట. క్లాసు చప్పట్లు కొట్టింది. నాకూ తృప్తిగా అనిపించింది.

శనివారం కోరుట్లకు పోయినప్పుడు అదే కథ మా అమ్మకు చెప్పాను. అమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం దేనికీ ఆమె చూడాల్సిన పని లేదు, వేళ్లు వాటంతటవే చేసుకుపోతాయి. అయినా తల ఎత్తకుండానే విన్నది. కథ అయిపోయాక అడిగింది.

"పిల్లమీద పైసలు సల్లిన్రు, మంచిగనే ఉన్నది బిడ్డా. మరి తల్లి పానం ఎట్లుండె? ఎన్ని దినాలకు మల్ల ఆటకు పెట్టిన్రు ఆమెను?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అసలు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదన్నది అంతకంటే పెద్ద సంగతి. అప్పటికి నేను స్త్రీవాద సాహిత్యం మీద సెమినార్లలో పత్రాలు చదువుతున్నదాన్ని. ఒక బాలింత శరీరాన్ని వదిలేసి, ఆమె చుట్టూ మోగిన చప్పట్లను తీసుకొచ్చి క్లాసులో మళ్లీ మోగించాను.

మా అమ్మకు ఆ ప్రశ్న ఎందుకు తట్టిందో నాకు తెలుసు. మా తమ్ముడు పుట్టిన రోజు కూడా ఆమె ఒడిలో చాట ఉంది. సాయంత్రానికి వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. నొప్పులు మొదలయ్యేసరికి ఇంకా రెండు వందలో ఎన్నో తక్కువున్నాయట. పక్కింటామె కూర్చుని అవి పూర్తి చేసింది. లోపల తమ్ముడు పుట్టాడు, బయట లెక్క సరిపోయింది. మా వైపు ఈ కథ ఎవరింట్లోనైనా దొరుకుతుంది. కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లి ఇళ్ల అరుగుల మీద బీడీలు చేసే ఆడవాళ్లే. సిరిసిల్లలో మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు బీడీల మీద. బీడీ కార్మికులకు 1966లో చట్టమైతే వచ్చింది. ఇంటి దగ్గర బీడీలు చుట్టే మనిషిని కూడా అందులో కార్మికురాలిగానే లెక్కగట్టారు. మా అమ్మ చెవికి ఆ మాట చేరేసరికి మేమంతా పెద్దవాళ్లమయ్యాం.

కాబట్టి నిండు నెలల్లో దమయంతి వేషం కట్టిన మనిషి గురించి వినగానే ఆమెకు అద్భుతం కనిపించలేదు, పని కనిపించింది. నెలలు నిండిన మనిషిని ఆ రాత్రి స్టేజీ ఎందుకు ఎక్కించారు? వేరే దమయంతి లేక. టికెట్లు కొన్న జనం వచ్చి కూర్చున్నారు గనుక. ఇల్లూ పనిచేసే చోటూ ఒక్కటే అయినప్పుడు సెలవు పెట్టడానికి ఎవరినీ అడగలేం గనుక.

సురభి వాళ్లను నేను చిన్నప్పుడే చూశాను. డెబ్బైలలో అనుకుంటాను, నాకు ఏడెనిమిదేళ్లు. కోరుట్ల ఊరి బయట రేకులూ తడికెలూ కట్టి డేరా వేశారు. అంతకుముందు జగిత్యాలలో ఆడారట, మా తర్వాత సిరిసిల్లకు పోతారని చెప్పుకున్నారు. సిరిసిల్లలో ఉన్న మా మేనత్త, వాళ్లు అక్కడికి వచ్చేదాకా ఆగలేక మా ఇంటికే వచ్చేసింది. నేల టికెట్టు కొనుక్కుని, చద్దరు పట్టుకుని పోయి కూర్చునేవాళ్లం. నారదుడు పైనుంచి తీగ మీద దిగేవాడు. బాణాలు ఎదురెదురుగా వచ్చి మధ్యలో ఢీకొని మెరిసేవి. వాన కురిసేది, మంట లేచేది. హార్మోనియం ఎత్తుకోగానే మా మేనత్త కండ్లు తుడుచుకోవడం మొదలుపెట్టేది, ఏడుపు సీను ఇంకా రాకముందే.

నాకు నాటకం కంటే మరునాటి పొద్దు ఎక్కువ గుర్తుంది. బోరింగు దగ్గర నీళ్లకు పోతే, రాత్రి లీలావతి వేషం కట్టినామె అక్కడ బట్టలు పిండుతోంది. చెంపల దగ్గర రంగు ఇంకా పూర్తిగా పోలేదు. చంకలో చంటిపిల్ల. రాత్రి రాజు పక్కన సింహాసనం మీద కూర్చున్న మనిషి బక్కెట కోసం వరసలో నిలబడడం నాకు మింగుడు పడలేదు. మా అమ్మకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

"ఏమక్కా, రాత్రి గంతసేపు పాడితివి. గొంతు నొయ్యదా?" అని అడిగింది.

"నొప్పికేమమ్మా, ఉంటుంది. పద్యం ఎత్తుకున్నాక తెలియదు. వంట దగ్గర కూర్చున్నప్పుడు తెలుస్తుంది" అన్నదామె.

తర్వాత ఇద్దరూ పిల్లలకు పాలు చాలకపోవడం గురించి మాట్లాడుకున్నారు.

సురభి చరిత్ర చదివినప్పుడు ఆ బోరింగు నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. వీళ్ల పూర్వీకులు మహారాష్ట్ర వైపునుంచి వచ్చిన ఆరె మరాఠీలు, తోలుబొమ్మలాట వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 'కీచక వధ' ఆడారు. ఊరి పేరే సమాజానికి పేరైంది, తర్వాత ఇంటిపేరూ అయింది. బొమ్మలాడించిన వాళ్లు తామే వేషాలు కట్టి వేదిక ఎక్కారు. అప్పటినుంచీ ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. నాటకరంగ చరిత్రల్లో ఈ సంగతిని సురభి సాహసంగా చెబుతారు, 'స్త్రీలకు రంగస్థల ప్రవేశం కల్పించారు' అని.

ఆ వాక్యంతో నాకు పేచీ ఉంది. తోలుబొమ్మలాట కుటుంబమంతా కలిసి చేసే పని. తెర వెనక సీత గొంతూ ద్రౌపది గొంతూ ఆడవాళ్లదే. పాట తెలుసు, కథ తెలుసు, రాత్రంతా మేలుకుని జనాన్ని కూర్చోబెట్టడం తెలుసు. అలాంటి మనిషి తెర వెనకనుంచి ముందుకు నాలుగడుగులు వేస్తే దాన్ని ఒకరు 'కల్పించిన ప్రవేశం' అనడమేమిటి? 1885లో ఆ వేదిక మీద కొత్తగా వచ్చింది స్త్రీ కాదు, ఆమెను చూసే కన్ను.

అదే కాలంలో కోస్తా పట్టణాల్లో ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. అక్కడ చదువుకున్న పెద్దమనుషులు నాటక సమాజాలు పెట్టారు. ఆడవేషాలు మగవాళ్లు కట్టారు. పాడగలిగిన, ఆడగలిగిన ఆడవాళ్లు లేక కాదు, ఉన్నారు. వాళ్లు కళావంతుల ఇళ్లలో ఉన్నారు. ఒకపక్క భోగం మేళాల మీద సంస్కర్తలు ఉద్యమం నడుపుతున్నారు. ఇంకోపక్క ఆ ఇళ్లలోని సంగీతమూ అభినయమూ మగ నటుల ద్వారా 'గౌరవనీయమైన' వేదిక మీదికి వస్తున్నాయి. కళ కావాలి, కళావతి అక్కర్లేదు.

సురభి స్త్రీకి ఆ మరక అంటలేదు. ఎందుకంటే ఆమె పక్కన మొగుడో అన్నో మరిదో ఉన్నాడు. కుటుంబం ఆమెకు కాపుదల. నాటకాల మనిషి అన్న మాట పడకుండా నాటకం ఆడే వీలు ఆ రోజుల్లో ఇంకెవరికి ఉంది? కాకపోతే అది ఊరికే దొరికిన కాపుదల కాదు. పని ఎవరిదో, పేరు ఎవరిదో కుటుంబమే తేలుస్తుంది. వంట, పిల్లలు, బట్టలు, రాత్రి పద్యాలు అన్నీ ఒకే చాకిరీలో కలిసిపోతాయి. సమాజానికి పెద్ద ఉంటాడు, ఆయన పేరు చరిత్రకెక్కుతుంది. మిగతావాళ్లు 'సురభి కుటుంబ సభ్యులు'.

కమలాబాయి ఆ గుంపులోంచి పేరుతో బయటపడిన మనిషి. చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి వేషాలు కట్టింది. పెరిగాక ఆడవేషాలు. పాటే ఆమె బలం. 1931లో 'ఆలం ఆరా' వచ్చింది. దాని నిర్మాత అర్దేషిర్ ఇరానీ తెలుగులో కూడా టాకీ తీయాలనుకున్నాడు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. నాటకం చేతిలో ఉంది, ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'భక్త ప్రహ్లాద'. పాటలు మన ఖమ్మం వైపు మనిషి చందాల కేశవదాసు రాశారు. మైకు ముందు నిలబడి పాడుతూ నటించేవాళ్లు కావాలి. అలా సురభి వాళ్లు బొంబాయి వెళ్లారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, కమలాబాయి లీలావతి. ఆమెకప్పుడు పాతికేళ్లు కూడా నిండలేదు.

ఆ కాలంలో నటన అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. తర్వాత గొంతు కలిపే పద్ధతి లేదు. కెమెరా నడుస్తుండగానే పాడాలి, వాద్యాలు పక్కనే మోగాలి. డేరాలో ఆఖరి వరసకు, మైకు లేకుండా, గాలి వాటుకు ఎదురు నిలిచి వినిపించడానికి అలవాటుపడిన గొంతును ఆమె ఒక యంత్రం ముందుకు తగ్గించి తెచ్చింది. ఇది ఎవరు నేర్పారు? వేరే తెలుగు టాకీ ఏదీ లేదు చూసి నేర్చుకోవడానికి. అదే 1932లో వచ్చిన 'పాదుకా పట్టాభిషేకం'లోనూ 'శకుంతల'లోనూ ఆమే నాయిక. ఒక్క ఏడాదిలో మూడు తెలుగు టాకీలు, మూడింట్లోనూ ఆమె గొంతు. తర్వాత బొంబాయిలోనే కొన్నాళ్లు ఉండిపోయి హిందీ చిత్రాల్లోనూ నటించింది. వేషం కోసం ఊరూరూ తిరిగిన పిల్లకు బొంబాయి కూడా ఇంకొక మకామే అనిపించి ఉంటుందేమో, ఇది నా ఊహే.

'భక్త ప్రహ్లాద' ఎప్పుడు విడుదలైందన్నది చాలాకాలం పెద్ద చర్చ. 1931 సెప్టెంబరు 15 అని ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చాం. జర్నలిస్టు రెంటాల జయదేవ ఓపికగా ఆధారాలు వెదికి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో మొదట విడుదలైందని తేల్చారు. అది విలువైన పని, నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ తేదీ మీద పత్రికల్లో అంత సిరా పారినప్పుడు లీలావతికి ఎన్ని వాక్యాలు దక్కాయో లెక్కపెట్టి చూశాను. తొలి కథానాయిక, స్టేజీ మీద పుట్టింది. దాదాపు ప్రతిచోటా ఆ రెండే. ఒకటి ఆమె చేసిన పని కాదు, ఆమె తల్లి పడిన నొప్పి. రెండోది ఒక వరస సంఖ్య. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు లేదు. ఆమె ఆ పాత్ర ఎలా చేసిందో చెప్పేవాళ్లూ లేరు.

పక్కనే స్థానం నరసింహారావును పెట్టి చూడకుండా ఉండలేను. సత్యభామ, చింతామణి, మధురవాణి పాత్రలతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన మహానటుడు. 1902లో పుట్టారు, 1971లో పోయారు. కమలాబాయి 1907లో పుట్టింది, ఆమే 1971లోనే పోయింది. దాదాపు ఒకే కాలం ఇద్దరిదీ. ఒకరు ఆడవేషాలు కట్టిన మగవాడు, ఒకరు చిన్నప్పుడు మగపిల్లల వేషాలూ తర్వాత ఆడవేషాలూ కట్టిన ఆడది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. తన నటనానుభవాలను 'నటస్థానం' పేరుతో పుస్తకంగా రాసుకున్నారు. చదవాల్సిన పుస్తకం అది, ఒక నటుడు తన పనిని తాను తరచి చూసుకోవడం మనకు అరుదు. ఆడది ఎలా నడుస్తుంది, ఎలా అలుగుతుంది అన్నది ఆయనకు పరిశీలించి సాధించిన కళ. అదే కమలాబాయి చేస్తే సహజం. ఆడదే కదా, ఆడదానిలా చేయడంలో గొప్పేముంది అన్నట్టు. 'పుట్టుకతోనే నటి' అన్న మెచ్చుకోలు కూడా ఇటే పోతుంది. పుట్టుకతో వచ్చిందానికి సాధన ఎందుకు, గురువెందుకు, పుస్తకమెందుకు?

ఈ మాటలన్నీ రాస్తూ నేను కూడా ఒక తప్పు చేయబోయాను. వేదిక మీద తొలి స్త్రీలు సురభి స్త్రీలే అని ఒక వాక్యం రాసి, కొట్టేశాను. మా ఊళ్లలో చిందు భాగోతం ఆడేవాళ్లు వచ్చేవాళ్లు. మాదిగలను ఆశ్రయించుకుని బతికే చిందువాళ్లు, వాళ్ల ఆటల్లో ఆడవాళ్లు వేషం కట్టేవాళ్లు. కోరుట్లనుంచి ఆర్మూరు మీదుగా పోతే నిజామాబాదు, అక్కడికి దగ్గర్లో బోధన్. ఆ బోధన్ పక్కన అమ్దాపూర్‌లో బతికి 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ ఆడవేషాలూ మగవేషాలూ రెండూ కట్టి యక్షగానాన్ని ఒంటి మీద మోసింది. అదీ పాట, మాట, ఆట కలిసిన నాటకమే. కానీ నేను చదువుకున్న నాటకరంగ చరిత్ర పుస్తకంలో ఆమెకు 'జానపద కళలు' అనే వేరే అధ్యాయం. నటి అన్న మాట లేదు, 'కళాకారిణి' అన్నారు. కులం ఎక్కడ కూర్చోబెడితే పుస్తకం కూడా అక్కడే కూర్చోబెట్టింది. సురభి డేరాలో టికెట్టు కొని కూర్చున్న మేమే, చిందువాళ్లు వస్తే వాడకట్టు దూరంనుంచి చూసిన మేమే. సురభామెతో బోరింగు దగ్గర మా అమ్మ మాట కలిపింది. చిందామెతో కలిపేదా అని ఎప్పుడూ అడగలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదని ఇక్కడ రాసుకోవాలి.

టాకీలు వచ్చాక పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు ఒక్కొక్కటే డేరా ఎత్తేశాయి, చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. తొలి టాకీకి గొంతునిచ్చిన ఇల్లే టాకీ దెబ్బ తిన్నది. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఏర్పడ్డాక చాలా కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 1990లలో బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో కొత్త నాటకాలు చేయించారు. అందులో ఒకటి బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపం, 'బస్తీ దేవత యాదమ్మ'. మంచితనంతో బతకలేక మగవేషం కట్టుకుని వ్యవహారం నడపాల్సి వచ్చిన ఒక ఆడదాని కథ. సురభి ఆడవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదని నాకనిపిస్తుంది.

కమలాబాయిని మనం ఇప్పుడు కూడా చూడగలిగే చోటు ఒకటుంది. 1951 నాటి 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి కాంతమ్మ ఆమే. మొన్న సంక్రాంతికి కోరుట్ల పోయినప్పుడు అమ్మకు ఫోనులో ఆ సినిమా పెట్టి చూపించాను. అమ్మకు ఎనభై ఐదు దాటాయి. బీడీలు మానేసి చాలా ఏళ్లయినా వేళ్ల కొసలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. రాముడి తల్లి తెర మీదికి రాగానే ఆపమన్నది. ఫోను దగ్గరికి తీసుకుని చూసింది.

"స్టేజీ మీద పుట్టిన పిల్ల ఈమేనా?"

"ఈమేనే అమ్మా."

"ఎన్నేండ్లుంటయి ఇండ్ల?"

"నలభై నాలుగు."

"అప్పుడే ముసలమ్మను చేసిన్రా?" అన్నది. కాసేపు ఏదో లెక్క కట్టింది. "నిన్ను డిగ్రీకి తోలిన ఏడు నాకూ గన్నేండ్లే."

తర్వాత సినిమా మళ్లీ పెట్టమన్నది. రాముడి తల్లి ఉన్న చోట్లు మాత్రమే.